చేపయు ప్రాయశ్చిత్తమును

ఉప్పూ కారమూ సోకని చేపముక్కను మైదాపిండిలో పొరలించి, నూనెలో వేపి, కాగితపు పళ్లెములో పెట్టి, దాని సరసన తెల్లని సాసు ఒక చిన్న గిన్నెడు, సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ గుప్పెడు, బంగాళాదుంప ముక్కలు చారెడు వడ్డించి, "నేడు తపస్సు కాలపు శుక్రవారము, మాంసమును త్యజించితిమి" అని ఎంతో తృప్తితో చేతులు తుడుచుకొను భక్తజనమును విభూది బుధవారము వెళ్లినది మొదలుగా చూచుచున్నాను. చూచుచున్నాననుటకంటె వారితో కూర్చుండి తినుచున్నాననుట సత్యము. తినుచు గొణుగుచున్నాను. ఈ గొణుగుడు మా ఆవిడ చెవికి అలవాటై, బొత్తిగా విలువ కోల్పోయినందున ఇక పాఠకులపై ప్రయోగింప సాహసించుచున్నాను.

ఊరు బాతెల్. వాషింగ్టన్ సరస్సు ఉత్తరపు కొనకు చేరువగా, సమ్మామిష్ నది ఒడ్డున, ఒక కాలు కింగ్ కౌంటీలోను, వేరొక కాలు స్నోహోమిష్ కౌంటీలోను పెట్టుకొని నిలిచిన పట్టణము. తెలుగువారు ఎందరనగా, కూరల దుకాణములో వంకాయను గూర్చి పరుషముగా మాట్లాడుటకు ముందు అటునిటు చూచుకొనవలసి వచ్చును. ఈ చేపల విందు జరుగు కోవెల విచారణ ఏదియో మాత్రము చెప్పను. చెప్పినచో వచ్చు శుక్రవారము నా పళ్లెములో ఒక ముక్క తగ్గును. నా ప్రక్కన కూర్చుండు వృద్ధుడొకడు, మిక్కిలి సజ్జనుడు, మూడవ ముక్కను ముగించి, వేలికంటిన సాసును నాకి, "ఏడాది పొడుగునా తపస్సు కాలమే ఉంటే ఎంత బాగుంటుందో!" అనును. క్రీస్తు ప్రభువు నలువది దినములు ఎడారిలో పడిన శ్రమను తలపునకు తెచ్చుటకై ఏర్పడిన కాలమును గూర్చి ఇంత మక్కువతో పలికినవానిని నేను ఆంధ్రదేశమున ఎరుగను.

ఆజ్ఞ చూడబోయిన సులభమైనదే. పదునాలుగేండ్లు నిండినవారు శుక్రవారములందు మాంసము మానవలెనని 1983 నాటి తిరుసభ ధర్మశాస్త్రము. తపస్సు కాలమునకు వెలుపలి శుక్రవారములలో దానికి బదులు వేరొక ప్రాయశ్చిత్తమును ఎన్నుకొనవచ్చునని అమెరికా మేత్రాణులు (బిషప్పులు) 1966లోనే సడలించిరి; ఆ వేరొకటి ఏమని ఎన్నుకొంటిరో ఇంతవరకు నా కంటబడలేదు. ఒక్కపొద్దు విభూది బుధవారమునకును శుభ శుక్రవారమునకును మాత్రమే పరిమితము. ఇంత శాస్త్రములోను చేపను తినుమని ఎచ్చటను లేదు. మాంసము మానుమని పెద్దలనగా, ఐతే చేప తెండని జనమనెను. గంజి త్రాగవచ్చును, జొన్నరొట్టె తినవచ్చును, పచ్చడి మెతుకులతో సరిపుచ్చుకొనవచ్చును. వాని జోలికెవ్వడును పోడు. మా వీధిలోని తెలుగు మిత్రుడొకడు, పుట్టి బుద్ధియెరిగిన నాటినుండి నీసు ముట్టనివాడు, ఈ వ్యవహారమంతయు నా నోట విని, "చేప తింటే తపస్సా గురూగారూ? ఆ లెక్కన మా ఇంటి పిల్లి మీకంటే మహాభక్తురాలు" అన్నాడు. ప్రత్యుత్తరము తోచక పునీత తోమాసు అక్వినాసు వారిని ఆశ్రయించితిని.

ఆ మహానుభావుడు 13వ శతాబ్దిలోనే ఈ ప్రశ్నను ఎత్తుకొని, భూమిపై సంచరించు జంతువుల మాంసము నాలుకకు అధిక సుఖమును, దేహమునకు అధిక మదమును కలిగించును గనుక తిరుసభ దానిని ఉపవాసకాలమున నిషేధించినదని సిద్ధాంతము చేసెను. చేపకంటె మాంసమే సాధారణముగా రుచికరమని వ్రాయుచు, కొన్నియెడల ఇట్లు కాకపోవచ్చునని ఒక మినహాయింపును గూడ ఉంచెను. ఇటలీ దేశమున పుట్టి పారిస్ నగరమున బోధించినవానికి ఆ శంక ఎట్లు కలిగెనో గాని, ఆ మినహాయింపు చేపల పులుసును ఉద్దేశించినదేయని నా విశ్వాసము. కొర్రమేను ముక్కలను మట్టిదాకలో పేర్చి, చింతపండు రసము పోసి, గుంటూరు మిరపకారము కంటికి ఎర్రగా కనబడునంత వేసి, గరిటె పెట్టక దాకనే పట్టి కుదిపి, దించి, ఆ రాత్రి ముట్టక మరునాటి ఉదయము తినువారికి మదము కలుగదని చెప్పుటకు ఎట్టి వేదాంతికి నోరు వచ్చును?

ఇక చేపయన నేమి? ఇచ్చట విషయమును విడిచి కొంత దూరము పోవలసియున్నది. త్వరగలవారు ముందునకు సాగవచ్చును. మాంసము కూడదు, చేప కూడునని పెద్దలు చెప్పిన నాటినుండి లోకములోని సద్భక్తులందరును చేప కాని దానిని చేపగా నిరూపించుటలో చూపిన పట్టుదలను పాపములను మానుటలో చూపియుండినచో పాపసంకీర్తనపు గదులు ఏనాడో మూతపడియుండెడివి. 12వ శతాబ్దిలో గెరాల్డ్ అను వేల్సు దేశపు గురువు ఐర్లండును చుట్టివచ్చి, సముద్రపు దుంగలకంటిన గుల్లలనుండి బాతులు పుట్టుచున్నవనియు, అవి మాంసమునుండి జన్మించినవి కావు గనుక అచ్చటి కొందరు మేత్రాణులే ఉపవాస దినములలో వానిని నిస్సంకోచముగా ఆరగించుచున్నారనియు వ్రాసెను. 17వ శతాబ్దిలో క్యూబెక్ ప్రాంతపు క్రైస్తవులకు బీవరు అను నాలుగు కాళ్ల జంతువు, వెచ్చని నెత్తురు, దట్టమైన బొచ్చు, కొరుకు పండ్లు అన్నియు కలిగియుండియు, నీటిలో ఈదును గనుకను, తోక చదునుగా ఉన్నది గనుకను, చేపయై పోయెను. వెనిజులా దేశమున ఎలుక జాతిలోకెల్ల పెద్దదైన కాపిబారా నేటికిని తపస్సు కాలపు వంటకము. మన పందికొక్కు దాని ముందర పసిబిడ్డ. 2010లో న్యూ ఆర్లియన్స్ అగ్రపీఠాధిపతులు మొసలి చేపల కుటుంబములోనిదేయని ఒక జాబునకు ప్రత్యుత్తరమిచ్చిరి. మొసలిని చేపయనుటకు మనస్సు విశాలముగా ఉండవలెను. మా ఊరి చెరువులో దినమెల్ల మునిగియుండు గేదెలు ఇట్టి పీఠాధిపతుల దృష్టిలో పడకపోవుట వాని అదృష్టము.

వ్యాపారులును ఊరకుండలేదు. 1962లో సిన్సినాటి నగరమున మెక్‌డోనాల్డ్స్ దుకాణము నడుపుచున్న లూ గ్రోయెన్ అను కథోలికుడు, శుక్రవారము వచ్చునప్పటికి ఇరుగుపొరుగు కథోలికులు గుమ్మము తొక్కక పోవుటచే నష్టపడి, రొట్టెల నడుమ చేపను పెట్టి అమ్మెదననెను. సంస్థ యజమాని రే క్రాక్ దానికి ఒడంబడక, అనాసపండు చక్రమును రొట్టెల నడుమ పెట్టినదే మేలనెను. ఒక శుక్రవారము రెంటిని పోటీకి పెట్టగా చేప గెలిచినది. నిజమైన ప్రాయశ్చిత్తము అనాసపండే గనుక, అది ఓడిపోవుటలో ఆశ్చర్యమేమున్నది?

చేప ప్రసంగము వచ్చినప్పుడు పునీత బ్రెండన్ వారిని విడుచుట అపచారము. బాతెల్ పట్టణమున ఈయన పేర దేవాలయము కలదు. నేను గొణుగుచున్న విందు అచ్చటిది కాదని ముందే మనవి. 6వ శతాబ్దికి చెందిన ఈ ఐరిష్ మఠాధిపతి శిష్యులతో తోలుపడవనెక్కి పశ్చిమ సముద్రముపై స్వర్గభూమిని వెదకుచు పోయెనట. త్రోవలో చెట్టుచేమలు లేని దీవియొకటి కానవచ్చెను. శిష్యులు దిగిరి, ప్రార్థించిరి, దివ్యపూజ జరిపిరి, పిమ్మట మానవులు గనుక ఆకలి వేసి కుండను పొయ్యిమీద పెట్టి మంట రాజేసిరి. కుండ కాగెను, దీవి కదలెను. అది దీవి కాదు, జాస్కోనియస్ అను మహామత్స్యము. శిష్యులు కుండను, కట్టెలను, గౌరవమును అచ్చటనే వదలి పడవలోనికి దూకిరి. గురువుగారు మాత్రము మొదటినుండి సంగతి తెలిసి పడవ దిగనేలేదు. తెలిసియు శిష్యులకు చెప్పలేదు. ఏ విచారణ గురువు చేయునదైనను ఇదియే గదా. ఆ పిమ్మట ఏటేట పునరుత్థానపు పండుగకు వారు ఆ చేప వీపుననే చేరుచుండిరట. ఇంత కథ కల్పితమని కొట్టివేయకుండ, టిమ్ సెవెరిన్ అను సాహసికుడు 1976, 77 సంవత్సరములలో నిజముగనే తోలుపడవ కట్టి ఐర్లండునుండి ఉత్తర అమెరికా తీరమునకు చేరెను. చేప మీద కూర్చుండి పండుగ చేసిన పునీతుని వారసులు చేపను పళ్లెములో పెట్టుకొని తపస్సు చేయుదురా యని నా బాధ.

ఇంతకును నన్ను పీడించునది శాస్త్రము కాదు, రుచియేయని పాఠకులు ఈపాటికి కనిపెట్టియుందురు. దాచుట ఎందులకు? శరత్కాలమున చినూక్ సాల్మన్లు సముద్రము విడిచి, సియాటిల్ లోని బల్లార్డ్ లాకుల నిచ్చెనమెట్లెక్కి, సరస్సు దాటి, ఈ సమ్మామిష్ నదిలో మా ఊరి మీదుగానే ఇస్సక్వా వరకు ఎదురీదును. వంతెనపై నిలిచి జనము వేడుక చూచును. సముద్రమునుండి నదికెదురేగు మత్స్యమన్నంతనే తెలుగువాని నోట నీరూరక తప్పదు. పుస్తెలమ్మియైన పులస తినవలెనని సామెత కట్టినవారి భాష మనది. అట్టి నది ఒడ్డున నివసించుచు, ఏ సముద్రముననో పట్టి, గడ్డకట్టించి, అట్టపెట్టెలకెత్తి తెచ్చిన తెల్లని ముక్కను, అది చేపయో పిండియో కొరికిన గాని తెలియని దానిని తినవలసి వచ్చుట నాకు వచ్చిన కష్టము. వంటశాలవారిని ఒకనాడు కొంచెము కారమడిగితిని. తెల్లజుట్టు పెద్దమ్మగారొకరు సంబరముగా లోనికి పోయి, చిటికెన వ్రేలి గోరంత మిరియాలపొడి కాగితపు పొట్లమును తెచ్చి, "జాగ్రత్త బాబూ, ఘాటుగా ఉంటుంది" అని నా అరచేతిలో పెట్టి, నేను విప్పి చల్లుకొనునంతవరకు ఆందోళనతో చూచుచు నిలిచిరి. ఆమె మనస్సు నొప్పింపలేక కన్నీరు తుడుచుకొన్నట్లు నటించితిని.

ఐనను ఒక మాట. ఫిరంగిపురమునకు చేరువనున్న మా పల్లెలో తపస్సు కాలము వచ్చినదని మాకు సిలువ మార్గపు పాటవలన తెలిసెడిది గాని, పళ్లెమువలన తెలిసెడిది కాదు. మాంసము క్రిస్మసుకు, పునరుత్థానమునకు, ఊరి కోవెల పండుగకు, పెండ్లికి ఉండెడిది. తక్కిన దినములన్నియు శుక్రవారములే. త్యజించుటకు వస్తువుండవలెను గదా. అమ్మ మాత్రము పూటపూటకు బియ్యము కడుగుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక డబ్బాలో పోసి, ఆదివారము కోవెలకు పట్టుకొనిపోయెడిది. మా తపస్సు ఆ డబ్బాయే.

ఇచ్చట తపస్సు కాలపు ఆరంభమున కోవెల గుమ్మములో మడతపెట్టు అట్టపెట్టెలు పేర్చియుంతురు. రైస్ బౌల్ అని దాని పేరు. భోజనములో మిగిల్చిన డబ్బులను దానిలో వేసి, పండుగనాటికి తిరిగి ఈయవలెను. పెన్సిల్వేనియాలోని అల్లెన్‌టౌన్‌లో 1975లో మొదలైన వాడుక. నాలుగింట మూడు వంతులు కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ ద్వారా పరదేశములకు పోవును, ఒక వంతు ఈ ప్రాంతముననే ఉండును. మా అబ్బాయి భోజనపు బల్లపై ఆ పెట్టెను నిలబెట్టి, దాని మీది పిల్లల బొమ్మలు చూచి, ఈ డబ్బు మన ఊరికి వెళ్లునా యని అడిగెను. ఈ పెట్టె పుట్టకముందే ఇక్కడివారు పంపినది మన ఊరికి వచ్చినదని చెప్పితిని: 1954 నాటి పి.ఎల్. 480 చట్టము క్రింద అమెరికాలో మిగులు పడిన పాలపొడి, గోధుమరవ్వ, నూనె ఈ సంస్థవారి చేతుల మీదుగా మన మిషను కోవెలలకు చేరెడివనియు, నానమ్మ చిన్ననాడు సత్తుగ్లాసు పట్టుకొని వరుసలో నిలిచెడిదనియు. వాడు నమ్మలేదు. పళ్లెములోని చేపకు కారము లేదని నెలరోజులుగా ఇల్లు పీకి పందిరి వేయుచున్న తండ్రికి వరుసలో నిలిచి పాలు త్రాగిన తల్లి ఉండుట వాని లెక్కకు కుదరినట్లు లేదు. ఆ క్షణమున నా లెక్కకును కుదరలేదు.

ఫోను చేసి వాడే అడిగెను: "నానమ్మా, ఆ పాలు బాగుండేవా?"

"ఏం బాగురా నాయనా, చప్పిడి! ముద్దలు కట్టి గొంతుకు అడ్డం పడేది. సంచీ మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది, అదొక్కటే బాగుండేది. మీ తాతమ్మయితే ఆ పొడి తాగనిచ్చేది కాదు, కాస్త బెల్లం కొట్టి వేసి కోవా కాచేది. అందరం గిన్నె గోకేవాళ్ళం. మీ నాన్నేం చేస్తున్నాడు, తిన్నాడా?"