'నేనైతేనా' సారు

ఈయనకు ఊరు ఒక్కటని లేదు. జనగామలో బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో కనబడతాడు. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, మిర్చి బస్తాల నడుమ నిలబడి ఉంటాడు. భూపాలపల్లిలో అయితే, బొగ్గు గనిలో ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికి పోకుండా చౌరస్తాలో ఆగిన నలుగురిలో నాలుగో మనిషి ఈయనే. పేరు కూడా ఒక్కటని లేదు. పేపరు మడిచి చంకలో పెట్టి, గొంతు సవరించుకుని "నేనైతేనా..." అని ఎవరైనా మొదలుపెడితే ఇక అనుమానం అక్కర్లేదు. తాను ముఖ్యమంత్రినైతే ఏం చేసేవాడో చెప్పడానికి ఆయనకు ఇదివరకు కరెంటు, కరువు, కాలువ నీళ్లు సరిపోయేవి. 2020లో కరోనా వచ్చి ఆయన దశ తిప్పింది.

కథ కోడితో మొదలైంది. చికెన్ తింటే ఆ రోగం వస్తుందని ఎవడో వాట్సాప్‌లో పెట్టాడు, కోడి ధర కూలిపోయింది. ఫిబ్రవరి నెలాఖరున అప్పటి మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ హైదరాబాద్‌లో స్టేజీ ఎక్కి, కెమెరాల ముందు చికెన్ తిని చూపించారు. మన సారుకు ఒళ్లు మండింది. "దేశమంత భయపడుతుంటె మంత్రులకు దావత్ కావాల్నా?" అన్నాడు. సాయంత్రం అగ్గువకు వస్తుందని రెండు కిలోలు కొట్టించుకుని ఇంటికి పోయాడు. ఈ మాటకూ ఆ పనికీ మధ్య ఆయనకు ఏ తగాదా కనిపించలేదు. మనమూ వెతకొద్దు. వెతికితే ఈయన అర్థం కాడు.

మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో పారాసిటమాల్ మాట ఎత్తారు. ఆ గోలీ వేసుకుంటే చాలని ఎవరో శాస్త్రవేత్త తనతో అన్నాడని చెప్పారు. వారం తిరిగేసరికి ఆంధ్రలో స్థానిక ఎన్నికల వాయిదా మీద మండిపడుతూ అప్పటి అక్కడి ముఖ్యమంత్రి జగన్ పారాసిటమాల్‌కు బ్లీచింగ్ పౌడర్ జోడించారు. ఏప్రిల్‌లో ట్రంప్ ఇంకో మెట్టెక్కి, క్రిమిసంహారక మందు ఒంట్లోకి సూదితో ఎక్కిస్తే ఎట్లుంటుందో చూడమని వైట్‌హౌస్‌లోనే అడిగారు. సారు మూడింటినీ ఒక్కచోట చేర్చాడు. "మనోడు గోలి అనె, పక్కోడు పౌడర్ అనె, అమెరికాయన సూది అనె. ఇగ కాంపౌండరే తక్కువ!" ఈ ముక్క మానుకోట నుంచి బయల్దేరి రెండు రోజుల్లో భూపాలపల్లికి చేరింది. బస్సులు బందైన కాలంలో అంత వేగంగా ప్రయాణించిన వస్తువు ఇంకోటి లేదు.

మరుసటి ఏడు జ్వరం సర్వేలో ఆశా వర్కరమ్మ గడపలోకి వచ్చి మందుల కిట్టు చేతిలో పెట్టింది. విప్పి చూస్తే అందులో ఉన్నదీ పారాసిటమాలే. "గిదేనా? గీ గోలి కోసమేనా గింత లొల్లి?" అని గునిగాడు. వేసుకున్నాడు, జ్వరం దిగింది. మర్నాడు అరుగు మీద కూర్చుని, "కేసీఆర్ ముందుగాలనే చెప్పిండు, మనమే ఇనలే" అని తీర్పు మార్చాడు. ఒకే గోలీని తిట్టీ పొగిడీ రెండుసార్లూ గెలిచిన మనిషి ఆయన.

జనతా కర్ఫ్యూ నాడు ఆయన ఆనందం చెప్పతరం కాదు. 2020 మార్చి 22న ప్రధాని 14 గంటలు ఇంట్లో ఉండమన్నారు, కేసీఆర్ తెలంగాణకు 24 గంటలు చేశారు. "సూసిన్రా, మోదీ కంటె పది గంటలు ఎక్కువిచ్చిండు మనోడు!" అని అదేదో పింఛను పెంచినట్టు చెప్పుకున్నాడు. ఆ తర్వాతి రోజుల్లో రోడ్ల మీదికి వస్తే కాల్చివేత ఉత్తర్వుల దాకా పోవాల్సి వస్తుందని కేసీఆర్ హెచ్చరించినప్పుడు కూడా మెచ్చుకున్నాడు. "గట్ల బెదిరియ్యకపోతె ఇంటరా ఈ జనం?" 'ఈ జనం'లో తానుండడు. బయటికి పోవాల్సి వస్తే ఎప్పటిదో బీపీ మందుల చీటీ జేబులో పెట్టుకునేవాడు. లాఠీ కనబడగానే చీటీ బయటికి తీయడంలో ఆయన చూపిన వేగం ఏ అంబులెన్సూ చూపలేదు.

సర్కారు బడిలో ఉద్యోగం చేసే 'నేనైతేనా' సారుది కాస్త వేరే కథ. మార్చి 30 దాకా కేసీఆరంతటి పరిపాలకుడు ఈ భూమ్మీద లేడు. ఆ రోజు సర్కారు జీతాల్లో కోత ప్రకటించింది. ముఖ్యమంత్రికి, మంత్రులకు, ఎమ్మెల్యేలకు 75 శాతం, ఐఏఎస్‌లకు 60, మామూలు ఉద్యోగులకు 50, నాలుగో తరగతి వాళ్లకు 10. పింఛను తీసుకునే రిటైర్డు సార్లనూ వదల్లేదు. మర్నాడు పొద్దున్నే సారుకు ప్రజాస్వామ్యం, రాజ్యాంగం, నిరంకుశత్వం ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. పాఠం చెప్పిన ఇన్నేళ్లలో ఆ మూడింటినీ ఆయన అంత ఆవేశంగా ఎన్నడూ బోధించలేదని శిష్యుల మాట.

తెల్ల రేషన్ కార్డుకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు వచ్చినప్పుడు రెండంతస్తుల బిల్డింగు ముందు నిలబడి, "బియ్యం దొడ్డుగున్నయి" అన్నాడు. మే 6న మద్యం దుకాణాలు తెరిచి ధర 16 శాతం దాకా పెంచితే, సున్నంతో గీసిన గుండ్రంలో నిలబడే లెక్క తీశాడు. "జీతం కోసేది ఆళ్లే, మందు మీద గుంజేది ఆళ్లే. గీ సర్కారు నా ఒక్కని మీదనే నడుస్తున్నది!"

ఆయన దగ్గర ఎప్పుడూ ఒక పరాయి ఆదర్శం సిద్ధంగా ఉంటుంది. 2020లో అది కేరళ, అక్కడి ఆరోగ్య మంత్రి శైలజ. "శైలజ టీచర్‌ను సూడుండ్రి, ఎంత మంచిగ పట్టుకొచ్చిందో." ఆయన కేరళ చూసింది మాల వేసుకుని శబరిమల పోయినప్పుడే, అదీ రాత్రి రైల్లో. మరుసటి ఏడు వానకాలానికి దేశంలో కొత్త కేసుల్లో సగం దాకా కేరళవే కావడం మొదలైంది. ఆయన చడీచప్పుడు లేకుండా ఒడిశాకు మారిపోయాడు. హైకోర్టు అన్నా ఆయనకు భక్తి ఎక్కువ. పరీక్షలు ఎందుకు చేయడం లేదని కోర్టు సర్కారును నిలదీసిన ప్రతిసారీ, ఆ ప్రశ్న తానే రాసి పంపినట్టు మీసం తిప్పేవాడు. తన ముక్కులో పుల్ల పెట్టనివ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఇంట్లో ఈ పరిపాలన నడవదు. "నేనైతేనా..." అని అన్నం పళ్లెం ముందు ఎత్తుకుంటే ఇంటామె అక్కడే కోసేసేది: "నువ్వయితె ముందుగాల గా మాస్కు ఉతుక్కో, కంపు కొడుతున్నది." ఆ మాస్కు సంగతి కూడా చెప్పాలి. మాట్లాడేటప్పుడు గడ్డం కిందికి దింపి, ఎదుటివాడు మాట్లాడేటప్పుడు ముక్కు మీదికి లాక్కుంటాడు. ఎదుటివాడికి మాట్లాడే వంతు ఎన్నడూ రాదు గనక అది గడ్డానికే అతుక్కుపోయింది.

నవ్వుకోవడం సులువే గానీ, 2021 ఎండకాలంలో ఈయన మాట తీసేయదగ్గది కాదు. ఏప్రిల్ 14న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక కోసం హాలియాలో పెద్ద సభ పెట్టారు. 19న ముఖ్యమంత్రికే పాజిటివ్ వచ్చింది. కేసులు ఎగబాకుతున్నా ఏప్రిల్ 30న వరంగల్ కార్పొరేషన్‌కు పోలింగు జరిపారు. జనగామ వాళ్లకైనా, మానుకోట వాళ్లకైనా, భూపాలపల్లి వాళ్లకైనా రోగం ముదిరితే దిక్కు ఆ వరంగల్‌లోని ఎంజీఎం దవాఖానే. "ఆళ్లకు ఓట్లు గావాలె, మనకు బెడ్లు గావాలె. బెడ్లెవడు లెక్కవెడుతున్నడు?" అని ఆయన అన్నప్పుడు అరుగు మీద ఎవరూ నవ్వలేదు. ఆక్సిజన్ సిలిండరు కోసం ఫోన్లు తిరిగిన ఇండ్లలో ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. కాకపోతే నిజం నిజమే చెప్పాలి. ఆ ఎన్నికల్లో బామ్మర్ది తరఫున హన్మకొండకు రెండు ఆటోల జనాన్ని తోలుకుపోయింది కూడా ఈయనే.

మే మొదట్లో ఆరోగ్య శాఖ ఈటల చేతి నుంచి పోయింది, ఆయన మంత్రివర్గం నుంచే పోయారు. 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే సడలింపు. రోజంతా చెప్పాల్సిన అభిప్రాయాలను నాలుగు గంటల్లో చెప్పాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. పాల ప్యాకెట్ చేత పట్టుకుని వచ్చేవాడు, పది కొట్టేసరికి పాలు విరిగేవి.

అప్పటిదాకా ఆయన ప్రధాన ఆరోపణ ఒకటే: "దొర ఫాంహౌస్ల వన్నడు, దవాఖాన దిక్కు సూస్తలేడు." మే 19న కేసీఆర్ గాంధీ ఆసుపత్రికి, 21న ఎంజీఎంకు వచ్చి వార్డుల్లో రోగులను పలకరించారు. ఆరోపణ పోయినందుకు సారు కొంచెం దిగాలు పడ్డట్టే కనిపించాడు గానీ, మధ్యాహ్నానికల్లా తేరుకున్నాడు. "ముఖ్యమంత్రి గిట్ల వార్డులల్ల తిరుగుతె పేషెంట్ల గతేంగావాలె?" అదే పర్యటనలో వరంగల్ సెంట్రల్ జైలును తీసేసి అక్కడ పెద్దాసుపత్రి కట్టాలన్న నిర్ణయం వెలువడింది, జూన్‌లో శంకుస్థాపన కూడా అయింది. "దవాఖాన సూడవోయి జైలు కూలగొట్టిండు. మరి దొంగలకేం రోగమొచ్చిందని?"

ఈయన తాతల కాలంలో గత్తర లేస్తే జనం ఇండ్లు విడిచి చెలకల్లో గుడిసెలు వేసుకున్నారు. పోచమ్మకు మొక్కారు, తిట్టాలనుకుంటే పోచమ్మనే తిట్టారు. దవాఖాన ఎందుకు లేదని నిజామును అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ లెక్కన అరుగు మీద కూర్చుని ముఖ్యమంత్రిని పేరు పెట్టి కడిగేసే ఈ మనిషి పుట్టడం ఎంతో కొంత అభివృద్ధే అంటాను. పైగా, ఆ రోజుల్లో నాయకులు మైకు ముందు చేసిందీ, ఈయన చాయ్ ముందు చేసిందీ ఒకటే: తెలియని సంగతిని తెలిసినట్టు, తడుముకోకుండా చెప్పడం. ఈయన చెప్పింది ఏ కలెక్టరూ అమలు చేయలేదు, అంతే తేడా.

2022 ఫిబ్రవరిలో మేడారం పోయి, సమ్మక్క సారక్కలకు ఎత్తు బంగారం ఇచ్చి వచ్చాక ఆయన వరకు కరోనా అయిపోయింది. ఆ ఏడు నవంబర్‌లో మహబూబాబాద్‌లో, మరుసటి ఏడు సెప్టెంబర్‌లో జనగామ, భూపాలపల్లిలో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. "బోర్డు వెట్టంగనే అయిపాయెనా?" అన్నాడు. మోకాళ్ల నొప్పికి ఇప్పటికీ హన్మకొండలో ప్రైవేటు డాక్టరు దగ్గరికే పోతున్నాడు.

2023 నవంబర్ 30న ఓట్లు పడ్డాయి. జనగామ బీఆర్ఎస్‌కు నిలిచింది, మహబూబాబాద్, భూపాలపల్లి కాంగ్రెస్‌కు పోయాయి. ఎవరు ఎందుకు గెలిచారో, ఎందుకు ఓడారో మూడు చోట్లా ఆయన గంటల కొద్దీ విడమరిచాడు. ధరణి వచ్చింది, కాళేశ్వరం వచ్చింది, ఆరు గ్యారంటీలు వచ్చాయి. కరోనా మాట ఒక్కసారీ రాలేదు. మీకెక్కడైనా కనబడితే ఆ రెండేళ్ల సంగతి కదిలించి చూడండి. తారీఖులతో సహా అన్నీ ఆయనకు గుర్తున్నాయి, అడిగేవాళ్లే లేరు. చాయ్ డబ్బులు మాత్రం మీరే ఇచ్చుకోవాలి.