వంద డాలర్ల నోటు వాంగ్మూలం

నా ఒంట్లో ముప్పాతిక పాలు పత్తి, పాతిక పాలు నార. బరువు ఒక్క గ్రాము. మా ముద్రణశాలలు రెండే: ఒకటి వాషింగ్టన్‌లో, రెండోది టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్‌లో. నేను రెండోచోట పుట్టినదాన్ని. నా మీద ఉన్న బొమ్మ బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. ఆయన అమెరికాకు ఎన్నడూ అధ్యక్షుడు కాలేదు, అయినా పెద్దనోటు ఆయనకే దక్కింది. 2013 అక్టోబరులో చలామణిలోకి వచ్చిన నీలిపట్టీ తరం మాది. మా వంద డాలర్ల నోట్లలో సగానికి పైగా అమెరికా బయటే ఉంటున్నాయని అక్కడి ఫెడరల్ రిజర్వ్ అంచనా. ఇంతగా దేశాలు పట్టి తిరిగే జాతి కావడంవల్లే మామీద ఒక నమ్మకం పాతుకుపోయింది: ఏ దేశం వెళ్లినా ముందు డాలర్లు కొనేస్తే చాలు, మిగతాది అక్కడ చూసుకోవచ్చు అని. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫారెక్స్ దుకాణంలో అడుగుపెట్టి, వెళ్లేది ఏ దేశమో చెప్పకముందే నా పేరు చెప్పేవాళ్లున్నారు. ఈ మర్యాద నాకు కొన్ని దేశాల్లో తగినదే, కొన్ని దేశాల్లో దండగ. తేడా ఎక్కడుందంటే, మీరు ఖర్చుపెట్టబోయే డబ్బు ఏ ఊళ్లో విరివిగా దొరుకుతుంది అన్నదాంట్లో ఉంది. డాలరు బలమైన కరెన్సీ అన్న మాటకు ఇక్కడ పెద్దగా పనిలేదు.

నోట్లు మార్చేవాడి బతుకు రెండు ధరల మధ్య ఉంటుంది. నన్ను కొనేటప్పుడు ఒక ధర, అమ్మేటప్పుడు ఇంకో ధర. ఆ మధ్యనున్న సందే అతని సంపాదన. 'కమీషన్ లేదు' అని బోర్డు పెట్టిన చోట కూడా ఆ సందు ఉంటుంది, విమానాశ్రయాల్లో అయితే మరీ వెడల్పుగా ఉంటుంది. ఒక కరెన్సీ ఎంత ఎక్కువగా చేతులు మారితే ఆ సందు అంత ఇరుకవుతుంది. మీ దేశంలో ఎక్కువగా చేతులు మారేది నేనే. రూపాయి టోకు బజారంటే ప్రధానంగా రూపాయి-డాలరు బజారే; థాయ్ బాట్‌కో వియత్నాం డాంగ్‌కో రూపాయల్లో ధర కట్టాలంటే మొదట డాలరులో దాని విలువ చూసి, అక్కణ్నుంచి రూపాయల్లోకి లెక్క తెస్తారు. అంటే మీరు హైదరాబాద్‌లో నేరుగా బాట్లు కొన్నా తెరవెనుక నేను ఉన్నట్టే. రూపాయి నుంచి డాలరు, డాలరు నుంచి బాటు అనే రెండు అంచెలు ఎలాగూ తప్పనప్పుడు తేల్చుకోవలసింది ఒకటే మిగులుతుంది: ఆ రెండో అంచె మీ ఊళ్లో జరగాలా, వాళ్ల ఊళ్లో జరగాలా?

బ్యాంకాక్‌లో బాట్లకు కరువేముంది? పర్యాటకులు కిటకిటలాడే వీధుల్లో మనీ ఛేంజర్లు పోటీపడి నన్ను కొంటారు. అదే బాటు మీ ఊరి దుకాణంలో తక్కువగా కదిలే సరుకు. తెప్పించి నిల్వ ఉంచినందుకు దుకాణదారు తన భారం ధరలో కలుపుతాడు. లెక్క కోసం అనుకుందాం. ఇక్కడ నన్ను కొనడంలో నూటికి 2, బ్యాంకాక్‌లో నన్ను మార్చడంలో నూటికి అర పోతే లక్ష రూపాయల్లో సుమారు 97,500 విలువ చేతికొస్తుంది. ఇక్కడే బాట్లు కొని నూటికి 5 పోగొట్టుకుంటే 95,000 మిగులుతుంది. కాబట్టి థాయ్‌లాండ్‌కు నేను పనికొస్తాను. వియత్నాంకు ఇంకా పనికొస్తాను, ఎందుకంటే డాంగ్ ఆ దేశం బయట స్వేచ్ఛగా మారే కరెన్సీ కాదు. అక్కడైనా నన్ను నేరుగా హోటల్ బిల్లుకింద ఇవ్వబోకండి. ధరలు డాంగ్‌లోనే ఉండాలని వాళ్ల చట్టం. ఇక లండన్ సంగతి వేరు. పౌండు మీ దగ్గర బాగానే దొరికే కరెన్సీ. నన్ను పట్టుకెళ్లి అక్కడ మారిస్తే, ఇక్కడ 2, అక్కడ 4 చొప్పున పోయిందనుకున్నా లక్షకు 94,000 చిల్లర మిగులుతుంది. నేరుగా పౌండ్లు కొని నూటికి 3 పోగొట్టుకున్నవాడి చేతిలో 97,000 ఉంటుంది. యూరోకూ ఇదే వరస. నేను ఇచ్చిన శాతాలు ఊహించినవే, అసలు రేట్లు రోజూ మారతాయి. రెండు దారులకూ లెక్క వేసి చూడమనడానికి ఇవి చాలు.

గల్ఫ్ దారి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేనంత పాతది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి, కోనసీమ నుంచి, కడప నుంచి దశాబ్దాలుగా జనం వెళ్లివస్తున్నారు, వచ్చేటప్పుడు దిర్హాములూ రియాళ్లూ తెస్తున్నారు. సరుకు అలా తిరుగుతూ ఉన్నచోట సందు ఇరుకే. పైగా యూఏఈ దిర్హాము 1997 నుంచీ డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది, సౌదీ రియాలు 3.75 దగ్గర. నన్ను కొని దుబాయిలో మారిస్తే రేటు కలిసొస్తుందన్న ఆశకు అక్కడ చోటే లేదు; ఒక అంచె కమీషన్ మాత్రం అదనం. నేపాల్, భూటాన్‌లకైతే నన్ను ఇంటి గుమ్మం దాటించనక్కర్లేదు. భూటాన్ ఎన్‌గుల్ట్రమ్ మీ రూపాయితో సమానం, నేపాల్ రూపాయి 1993 నుంచీ మీ రూపాయికి 1.60. వంద రూపాయల నోట్లు తీసుకెళ్తే సరిపోతుంది. మీ పెద్దనోట్లంటే నేపాల్ భయపడుతూ వచ్చింది. ఆ భయం ఊరికే పుట్టలేదు, 2016 నోట్ల రద్దులో అక్కడివాళ్ల దగ్గర కూడా మీ ఐదువందలూ వెయ్యిలూ ఇరుక్కుపోయాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: డాలరు ఎప్పటికైనా పెరిగేదే కదా, మిగిలినా లాభమే కదా అని. రూపాయితో పోల్చితే నేను ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చినమాట నిజం. అయితే వారంపాటు ఊరు చూడబోయేవాడికి ఏళ్ల లెక్క ఎందుకు? వెళ్లేటప్పుడు అమ్మకం ధరకు కొని, వచ్చాక కొనుగోలు ధరకు ఇస్తే, ఆ సందు పూడ్చడానికే నా ధర ఎంతో పెరగాలి. దాచుకుందామన్నా రిజర్వ్ బ్యాంకు ఒప్పుకొనేది 2,000 డాలర్ల దాకానే. అంతకుమించి మిగిలింది తిరిగొచ్చిన 180 రోజుల్లో అప్పగించాలి. పెట్టుబడినీ దారిఖర్చునూ ఒకే సంచిలో వేయడం నాకు నచ్చదు.

నేను నిజంగా సొంతింట్లో ఉన్నట్టుండే పరాయి దేశాలూ ఉన్నాయి. పనామా, ఈక్వడార్, ఎల్ సాల్వడార్ నన్నే తమ డబ్బుగా పెట్టుకున్నాయి. కంబోడియా కథ ఇంకా చిత్రం. ఖ్మేర్ రూజ్ పాలనలో అక్కడ డబ్బే రద్దయింది; 1980లో రియల్ తిరిగొచ్చినా జనానికి దానిమీద నమ్మకం కుదరలేదు, 1990ల మొదట్లో ఐక్యరాజ్యసమితి బలగాలతో పాటు డాలర్లు వచ్చిపడ్డాయి. అంగ్కోర్ వాట్ ఒకరోజు టికెట్ 2017 నుంచి 37 డాలర్లు. డాలరు లోపు చిల్లర మాత్రం రియళ్లలో ఇస్తారు. అలాంటిచోటికి రియళ్లు వెతుక్కుని వెళ్లడం అమాయకత్వం. కాకపోతే అక్కడ అంచు చిరిగిన నోటును వెనక్కి తోసేస్తారు. అమెరికా చట్టం ప్రకారం 1861 నుంచి అచ్చైన నోట్లన్నీ చెల్లుతాయి. ఆ చట్టం పరాయి దేశపు కౌంటర్ దగ్గర పనిచేయదు. అర్జెంటీనాలో అయితే 1996కు ముందు అచ్చైన, ఫ్రాంక్లిన్ బొమ్మ చిన్నగా ఉన్న మా పెద్దలకు 'చిన్న మొహం' అని పేరుపెట్టి తక్కువ ధర కట్టారు. విలువ ఒకటే, ముఖం సైజును బట్టి పరువు! అందుకని మమ్మల్ని కొనేటప్పుడు మడత, మరక, రాత లేనివాటిని ఏరుకోవడంలో మొహమాటపడకండి. బ్యాంకాక్ రేట్ల పట్టికలో మా వందకు ఒక ధర, ఒకటి రెండు డాలర్ల నోట్లకు అంతకన్నా తక్కువ ధర ఉండటమూ మామూలే.

కార్డులుండగా కాగితాల గొడవెందుకు అని అడిగేవాళ్లకు సగం ఒప్పుకుంటాను. సింగపూర్‌లో, ఐరోపాలో రోజు ఖర్చుకు ఫారెక్స్ కార్డు నాకన్నా మెరుగు. పోతే ఆపించవచ్చు, నేను పోతే పోయినట్టే. మీ చట్టమూ ఆ వైపే ఉంది: చాలా దేశాలకు ఒక్కో ప్రయాణంలో నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువకు మించి ఇవ్వరు. కార్డు మిషన్ 'రూపాయల్లో కట్టమంటారా, ఇక్కడి డబ్బులోనా' అని మర్యాదగా అడిగినప్పుడు మాత్రం ఇక్కడి డబ్బులోనే అనాలి; రూపాయలంటే రేటు వాళ్ల ఇష్టం. మిగతా సగం ఎందుకు ఒప్పుకోనంటే, 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ రష్యాలో సేవలు ఆపేసినప్పుడు బయటి దేశాల కార్డులు అక్కడ వట్టి ప్లాస్టిక్ ముక్కలయ్యాయి. ఇరాన్‌లో అవి ఏనాటినుంచో పనిచేయవు. అలాంటి దేశాల్లో ప్రయాణికుడి దగ్గర ఉన్న నోట్లే అతని బ్యాంకు. మామూలు దేశాల్లో కూడా మిషన్ మొరాయించిన రాత్రి కోసం నాలాంటివి రెండో మూడో విడిగా దాచుకోవడం దుబారా కాదు.

ఇక అమెరికా చదువులకు వెళ్లే పిల్లల విషయంలో ఏ వాదనా అక్కర్లేదు, రెండో అంచే లేదు కనుక. అయితే నన్ను దొంతరగా పేర్చుకుని వెళ్లొద్దు. నేను పుట్టిన దేశంలోనే చిన్న దుకాణాల్లో 'ఇరవైకి మించిన నోటు తీసుకోం' అని కాగితం అంటించి ఉంటుంది, సిటీ బస్సుల్లో చాలాచోట్ల చిల్లర ఇవ్వనే ఇవ్వరు. ఫారెక్స్ దుకాణంలో ఐదులూ పదులూ ఇరవైలూ కావాలని ముందే చెప్పండి. లేవంటే ఒకరోజు ఆగి అయినా తీసుకోండి.