లోపల రెండంగుళాలు

మా రోజుల్లో ప్రతి జాకెట్టు లోపలా ఇంకో జాకెట్టు దాగి ఉండేది. ఈ కాలం వాళ్లకు చెబితే నవ్వుతారు. చంక కింద నుంచి నడుం దాకా పక్క కుట్టు ఒకటి ఉంటుందా, దాని పక్కనే రెండో కుట్టు, ఆ పక్కన మూడోది, ఆపైన లోపలికి మడిచిన వేలెడు వెడల్పు బట్ట. పెళ్లికి కుట్టిన జాకెట్టు మొదటి కుట్టు మీద బిగువుగా ఉండేది. కాన్పయి, ఒళ్లు వచ్చాక ఆ కుట్టు విప్పేస్తే రెండోది సిద్ధం. రెండో బిడ్డకు మూడోది. అది కూడా విప్పేశాక మడతలో ఉన్న బట్ట. ఎండ తగలని ఆ మడత రంగు మాత్రం కొత్తగా మెరిసిపోతూ, ఆవిడ ఎంత లావయిందో ఊరికి చాటేది. ఎవరూ సిగ్గుపడేవాళ్లు కాదు. పిల్లల్ని కన్నది కదా, చాటనీ.

నేను తార్నాకలో మిషను పెట్టుకుని యూనివర్సిటీ క్యాంపస్ ఆడవాళ్లకు కుట్టిన మనిషిని. లేడీస్ హాస్టల్ పిల్లలు, క్వార్టర్లలో ఉండే లెక్చరరమ్మలు, వాళ్ల అత్తగార్లు, అటు ల్యాబుల్లో పనిచేసేవాళ్లు. జాకెట్టుకు రెండున్నర రూపాయల కూలితో మొదలుపెట్టాను. కుట్లు విప్పి వదులు చేయడానికి పైసా తీసుకోలేదు. ఆ పని నా కూలిలోనే ఉందని మా గురువుగారు నేర్పారు. బాలింత తన జాకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వస్తే, ఆమె టీ తాగేలోపు తిరిగి చేతికిచ్చేదాన్ని.

ఇప్పుడు మా మనవరాలి సంగతి వినండి. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. నిరుడు బిడ్డ పుట్టాడు. 2016లో యూజీసీ పెట్టిన నియమం పుణ్యమా అని పరిశోధన చేసే ఆడపిల్లలకు చదువు మొత్తంలో ఒకసారి 240 రోజుల దాకా సెలవు దొరుకుతుంది. మా కాలంలో మూడు నెలలకే రిజిస్టరులో సంతకం పెట్టడానికి పరుగెత్తిన లెక్చరరమ్మలకు నేనే, పాలతో తడిస్తే మధ్యాహ్నం పూట మార్చుకునే జాకెట్లు కుట్టాను. కాబట్టి ఈ సెలవు విషయంలో నాకు సణుగుడు లేదు. సెలవు అయిపోవచ్చిన రోజుల్లో మొదలైంది అసలు గొడవ. బీరువా తలుపు మూసుకోదు, అంత నిండా బట్టలు. ఆ బీరువా ముందు కూర్చుని పిల్ల ఏడుస్తోంది, వేసుకోవడానికి ఒక్కటీ లేదని.

ఉన్నవన్నీ తీయించి మంచం మీద పరిచాను. కుర్తీలు, టాపులు, జీన్సులు, పెళ్లినాటి వెనక హుక్కుల జాకెట్లు. వెనక హుక్కులు! పాలిచ్చే తల్లి వీపున హుక్కులు పెట్టించుకుంటే బిడ్డ ఎటు నుంచి తాగాలి? పోనీ, అవి పెళ్లి ముచ్చట్లు, వదిలేద్దాం. కుర్తీ ఒకటి తిరగేసి లోపల చూశాను. పక్క కుట్టు దగ్గర పావంగుళం బట్ట కూడా లేదు. ఓవర్‌లాక్. ఆ మిషనులో సూదుల పక్కనే కత్తి ఉంటుంది. కుడుతూ కుడుతూనే అంచు కోసేసి, దారాలు చుట్టేస్తుంది. పని చకచకా అవుతుంది, పోగులు ఊడవు, చూడడానికి శుభ్రంగా ఉంటుంది. కానీ కోసేసిన బట్ట ఎక్కడికి పోయింది? ఫ్యాక్టరీ నేల మీదికి. ఒక్క కుర్తీకి రెండు పక్కలా రెండేసి అంగుళాలు మిగిలించుకుంటే, వేల కుర్తీల మీద ఎన్ని తాన్లు వాళ్లకు లాభమో లెక్క వేసుకోండి. మన ఒళ్లు మారితే మనమే మళ్లీ కొనుక్కుంటాం, అది రెండో లాభం.

నా మాట అంతే, మిగిలినదంతా దాని చుట్టూ సణుగుడే. బిడ్డను కన్నాక ఒళ్లు మారుతుందని మా దర్జీలకు తెలుసు, అందుకని బట్ట దాచేవాళ్లం. ఈ బట్టలు కుట్టేవాళ్లకూ తెలుసు, అందుకే దాచరు.

మనవరాలు ఫోనులో ఫీడింగ్ కుర్తీలు చూపించింది. గుండెల దగ్గర రెండు జిప్పులు, పైన ఒక కుచ్చు. ఒక్కొక్కటి వెయ్యి, పదిహేను వందలు. ఆరు కొంటుందట, వారానికి సరిపోను. ఫెలోషిప్పు నెలకు 37 వేలు, 2023 నుంచి పెంచారు, కాదనను. అందులో తార్నాక అద్దె, బిడ్డను చూసే ఆయా జీతం, డైపర్లు పోతే ఏం మిగులుతుందో దానికే తెలియాలి. పైగా బిడ్డ పాలు మానేశాక ఆ జిప్పులు దేనికి? అడిగితే, ఇన్‌స్టాలో అమ్మేస్తానంది. వాడిన బట్టలు కొనుక్కునే పేజీలు ఉన్నాయట. మా ఇంట్లో పెద్దక్క జాకెట్లు చిన్నక్కకు, చిన్నక్కవి నాకు వచ్చాయి. ఎవరూ పేజీ పెట్టలేదు.

పొదుపు గురించి నాకు చెప్పకమ్మా అన్నాను. నీళ్లాడక ముందు ఈ పిల్ల చేసిన ఖర్చు గుర్తొచ్చి ఇంకా మండింది. ఏడో నెలలో ఫొటోల కోసం గౌను అద్దెకు తెచ్చారు. నేల మీద రెండు గజాలు ఈడ్చే గౌను. ఎక్కడ దిగారు? యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు! 1939లో నిజాం తెరిచిన ఆ గులాబీ రాతి భవనం ముందు మా కాలంలో డిగ్రీ పట్టా పట్టుకుని ఫొటో దిగేవాళ్లు. ఇప్పుడు పెళ్లికి ముందు ఒకటి, కడుపుతో ఒకటి, బిడ్డతో ఒకటి. గంటసేపు వేసుకునే గౌనుకు పెట్టిన అద్దెతో మూడు జాకెట్లు, లైనింగు వేసి మరీ కుట్టించుకోవచ్చు. చెబితే, ‘అమ్మమ్మా, అది జ్ఞాపకం’ అంది. జ్ఞాపకాన్ని కట్టుకుని డిపార్ట్‌మెంటుకు వెళ్లమ్మా అన్నాను.

అప్పుడు తిరగబడింది. ‘మీ రోజుల్లో, మీ రోజుల్లో అంటావు. మీ రోజుల్లో బాలింతకు ఎవరైనా కొత్త బట్ట కొన్నారా?’

కొనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. పురుడు అంటే మైల. పాత చీరలే కట్టబెట్టేవాళ్లు, మైల తీరాక అవి చాకలికో మంత్రసానికో పోయేవి. చెవుల్లో దూది, తలకు గుడ్డ, పొట్ట జారకుండా పాత చీరతో నడికట్టు. ఉన్న మెత్తటి చీరలన్నీ చింపితే బిడ్డకు పొత్తిగుడ్డలు, కట్టితే ఉయ్యాల. ఇరవై ఒకటో రోజున పుట్టింటివాళ్లు పెట్టే చీర ఒక్కటే ఆవిడది. దానికి కూడా జాకెట్టు ముక్క రాకపోతే వీధి చివర కట్‌పీసుల కొట్టుకు పరుగు. బిడ్డకు పది జతలు, తల్లికి సున్నా. మా కుట్టు గొప్పది గానీ, మా మర్యాద గొప్పదేం కాదు.

ఆ లెక్కన 2017 జూన్‌లో సర్కారు దవాఖానాల్లో మొదలుపెట్టిన కేసీఆర్ కిట్టు నాకు నచ్చింది. రాజకీయం మీ ఇష్టం. ఆ సంచిలో బిడ్డ సబ్బు, నూనె, దోమతెరలతో పాటు తల్లికి రెండు చీరలు పెట్టారు. జాబితా రాసినవాళ్లలో ఎవరో ఒకరు ఇంట్లో బాలింతను చూసి ఉంటారు.

ఇంకో గొడవ. జీన్సులో పట్టాలని పిల్ల రాత్రి అన్నం మానేసింది. ఇదెక్కడి తెలివి? పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కన్నా రోజుకు 600 కిలో కాలరీలు ఎక్కువ కావాలని చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ ఎక్కడుంది? మా తార్నాకలోనే! 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చిన సంస్థ. దేశమంతా వాళ్ల పుస్తకం చూసి వండుకుంటుంటే, ఆ గేటు ముందు నుంచి రోజూ ఆటోలో పోయే పిల్ల అన్నం మానేస్తుంది. బట్టను ఒంటికి సరిచేయాలి గానీ, ఒంటిని బట్టకు సరిచేస్తారా? జీన్సు తీసి పెట్టెలో పడేశాను. ఏడాది తర్వాత చూద్దాం.

ఇక ఏం చేశామో చెబుతాను, తిట్టడమే పని అనుకుంటారు లేకపోతే.

ఉన్న కుర్తీల్లో మంచి కాటనువి ఐదు ఏరాను. లోపల బట్ట లేదు కాబట్టి విప్పి వదులు చేసే వీలు లేదు. బద్ద వేయాల్సిందే. పక్క కుట్టు చంక నుంచి చీలిక మొదలయ్యే దాకా విప్పి, మధ్యలో రెండంగుళాల బద్ద పెట్టి కుట్టాను. చంక దగ్గర బద్ద సన్నగా మొదలు కావాలి, లేదంటే చెయ్యి ఎత్తినప్పుడు గుడారంలా లేస్తుంది. బద్దలకు వాటి చున్నీల చివరలే వాడాను, రంగు కలిసింది. మూడింటికి గుండె కింద అడ్డంగా కోసి, పై ముక్క కింది ముక్క మీద పడేలా మడత పెట్టి, లోపల ఒక్కో జిప్పు దాచాను. జిప్పు ఖరీదు ఎంతో అడగకండి, ఫీడింగ్ కుర్తీల వాళ్లు బాధపడతారు. ఆ కుర్తీలు వేసుకుని వెళ్తే డిపార్ట్‌మెంటులో ఎవరూ గమనించలేదట. కుట్టిన దానికి అంతకన్నా సర్టిఫికెట్టు అక్కర్లేదు.

కిందికి బొందు పైజామాలు. బొందుకు కొలత లేదు. లావయితే వదులు, తగ్గితే బిగువు. ఎలాస్టిక్కుకు ఆ ఓర్పు లేదు. రెండు తడవలు ఉతికితే నడుం మీద గీత పెడుతుంది.

చీరలు కట్టుకోమన్నాను. వాళ్లమ్మ బీరువాలో నారాయణపేట చీరలు, మంగళగిరివి మడత నలగకుండా పడున్నాయి. ఆరు గజాలకు సైజు లేదు కదా. బిడ్డను ముందు సంచిలో వేసుకుని మెట్రో మెట్లెక్కాలి, కుచ్చిళ్లు తొక్కితే ఇద్దరం పడతాం అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా కాలంలో తార్నాకకు మెట్రో ఎక్కడిది, 2017 నవంబరులో కదా వచ్చింది. చివరికి సెమినార్ల రోజుకు చీర, మిగతా రోజులకు కుర్తీ అని ఒప్పందం. ముందు హుక్కుల జాకెట్లు రెండు కుట్టాను, ముదురు రంగు లైనింగుతో. పాలు కారినా మరక పైకి కనపడదు. లోపల పెట్టుకోవడానికి పాత పంచె చింపి నాలుగు మడతల గుండ్రటి ముక్కలు కుట్టిచ్చాను. వాటిని చూసి, ఆన్‌లైనులో ఇవే ప్యాకెట్టు మూడు వందలంది. నేనేం అనలేదు. మొహం మాత్రం ఆపుకోలేకపోయాను.

లైనింగు గుడ్డ కోసం సికింద్రాబాదు జనరల్ బజారుకు ఇద్దరం బస్సులో వెళ్లాం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సుల్లో టికెట్టుకు డబ్బు కట్టక్కర్లేదు కదా, అయినా ఇంట్లో కూర్చుని డెలివరీ చార్జీ కట్టే అలవాటు ఈ పిల్లలకు పోలేదు. గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూడాలమ్మా, ఫోను అద్దం మీద రుద్దితే ఏం తెలుస్తుంది? పాలిస్టరు కలిసిన లైనింగు బాలింతకు వేయకూడదు, చెమటకు చంకల్లో పొక్కులు లేస్తాయి. అసలు కాటనుదే కావాలి, అదీ ముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టాలి. లేదంటే మొదటి ఉతుకుకే లోపలిది కుంచించుకుని పైది ముడతలు పడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ కాలానికి దండం పెడతాను. లోపలివి. మా రోజుల్లో బాడీ అని బిగుతుగా కుట్టి, బాలింత అయినా అదే వేయించేవాళ్లం. ఎంతమందికి పాలు గడ్డకట్టాయో, ఎంతమంది జ్వరాలు పడ్డారో. ఇప్పుడు పాలిచ్చేవాళ్ల కోసం ముందు క్లిప్పు విప్పే బ్రాలు వచ్చాయి. వాటి దగ్గర పొదుపు చేయొద్దన్నాను. కుర్తీల్లో మిగిలిన డబ్బుతో మంచివి మూడు కొనుక్కుంది.

ఆఖరుగా రెండు మాటలు. బిడ్డ పుట్టిన ఏడాది లోపు పాత బట్టలకు స్టీలు సామాన్ల వాడు వీధిలోకి వస్తే తలుపు తీయకండి. ఈ పిల్ల వాళ్లమ్మ రెండో నెలలోనే నాలుగు మంచి జాకెట్లిచ్చి ఒక స్టీలు డబ్బా తీసుకుంది, ఆ నాలుగూ నేను కుట్టినవే. ఇక జాకెట్టు గానీ కుర్తీ గానీ కుట్టించుకునేటప్పుడు లోపల రెండంగుళాలు వదలమని నోరు తెరిచి అడగండి. ఓవర్‌లాక్ కొట్టాలంటే బట్ట అంచున కొట్టమనండి, కుట్టు పక్కన వద్దు. దర్జీ గొణిగితే యాభై ఎక్కువ ఇచ్చి వదిలించుకోండి, కొత్త జాకెట్టు కన్నా చవకే.