ఎనిమిది తీగల గణవిభజన

మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి. నాది నిరుడు కొన్న ల్యాప్‌టాప్, విండోస్ 11. నాన్నగారిది 2004లో తెనాలిలో అసెంబుల్ చేయించిన డబ్బా. పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ ఎక్స్‌పీ. ఏటా దసరాకి దాని నుదుట కుంకుమ బొట్టు పెడతారు కాబట్టి సీడీ డ్రైవు మూత ఇప్పుడు ఏ రంగుదో చెప్పడం కష్టం.

దాని మదర్‌బోర్డు మీద బిళ్లలాంటి బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. అందుకని రోజూ పొద్దున్న స్విచ్ వెయ్యగానే అది ఇవాళ 2002 జనవరి 1 అనుకుంటుంది. ఎఫ్1 నొక్కితేగానీ కదలనని నల్లతెర మీద మొండికేస్తుంది. నాన్నగారు ఎఫ్1 నొక్కి కాఫీకి వెళ్తారు. తిరిగొచ్చేసరికి అది లేచి కూర్చుంటుంది. ఆ బ్యాటరీకి పెద్ద ఖర్చు కూడా కాదు, మార్పిస్తానంటే ఒప్పుకోరు.

“రోజూ జనవరి ఒకటైతే నీకొచ్చిన నష్టమేమిట్రా? దానికీ వయసు మీద పడదు, నాకూ పడదు.”

నాన్నగారు రిటైరైన తెలుగు పండితులు. చాటుపద్యాలన్నీ ఒకచోట చేర్చి వ్యాఖ్యానం రాస్తున్నారు. రాయడమంటే కాగితం మీద కాదు, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో, యాపిల్ కీబోర్డు పద్ధతిలో. తెలుగునాట పెళ్లి శుభలేఖలూ, కరపత్రాలూ, సంస్మరణ సంచికలూ చాలాకాలం ఈ దారినే వచ్చాయి. పేజ్‌మేకర్ 7, 2001లో వచ్చింది. ఆ తర్వాత దాని తయారీదార్లు ఎనిమిదోది తియ్యలేదు. నాన్నగారు దాన్ని కొరత అనుకోరు. “ఏడుతో పూర్తయింది. సప్తస్వరాలు. ఎనిమిదోది ఎందుకు?” అంటారు.

ఇక్కడ అను గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అసలు పీటముడి అక్కడే ఉంది. అను యూనికోడ్ కాదు. అందులో తెలుగు అక్షరం కంప్యూటర్ దృష్టిలో తెలుగు అక్షరమే కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ, యూరప్ భాషల నెత్తి గీతలకీ కేటాయించిన గళ్లలో మన కొమ్ములూ దీర్ఘాలూ వత్తులూ కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న మిషన్‌లో శ్రీనాథుడు శ్రీనాథుడిలాగే కనపడతాడు. లేని మిషన్‌లో తెరిస్తే ఎవరో ఫ్రెంచిలో తిడుతున్నట్టుంటుంది. విచిత్రమేమిటంటే యూనికోడ్ తెలుగు కోసం గౌతమి అనే ఫాంటు ఎక్స్‌పీతోనే వచ్చింది. గోదావరి పేరు పెట్టుకుని ఇరవై ఏళ్లుగా నాన్నగారి హార్డ్ డిస్కులోనే పడి ఉంది. చూపిస్తే, “అక్షరాలు బానే ఉన్నాయిరా, నా వేళ్లకే దాని మీద గురి లేదు” అన్నారు.

మొన్నమొన్నటిదాకా ఏ గొడవా లేదు. పుస్తకం అచ్చుకి సిద్ధమై, ప్రెస్సువాళ్లు “పేజీలు అయినవి అయినట్టు మెయిల్ చెయ్యండి మాస్టారూ” అన్నాకే మొదలైంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8 తర్వాత మరమ్మతులు ఆగిపోయాయి. ఇప్పటి మెయిల్ సైట్లు అడిగే తాళాల పద్ధతి దాని బ్రౌజరుకి తెలీదు. పైగా దాన్ని ఇంటర్నెట్లోకి పంపడం మంచిది కాదు కూడా. కాబట్టి ఫైలు నాన్నగారి గదిలోంచి నా ల్యాప్‌టాప్‌లోకి రావాలి. అక్కణ్ణించి ప్రెస్సుకి పోవాలి. మధ్య దూరం ఒక హాలు.

“పెన్‌డ్రైవ్ పెడితే పోయేదానికి” అంది మా ఆవిడ. ఈ వాక్యం తర్వాత కూడా చాలాసార్లు అంది. ఒక్కసారి ఇక్కడ రాస్తే చాలు, మిగతాచోట్ల పాఠకులే వేసుకోగలరు.

పెట్టాం. నా పెన్‌డ్రైవ్ 64 జీబీది, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వచ్చింది. ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ వేస్తేగానీ ఎక్స్‌పీ దాన్ని చదవలేదు. చదవలేనని మర్యాదగా చెప్పదు. ‘ఈ డిస్కు ఫార్మాట్ అయిలేదు, చెయ్యమంటారా?’ అని అడుగుతుంది. నాన్నగారు ఎవరైనా వినయంగా అడిగితే కాదనలేని మనిషి. చెయ్యి మౌసు మీదికి వెళ్తుండగా పట్టుకున్నాను. రెండో పెన్‌డ్రైవ్ మా వీధి చివర డీటీపీ సెంటర్‌కి వెళ్లొచ్చింది. అందులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ఉన్నాయి. ఆ వైరస్ సంగతి ఆంధ్రదేశంలో జెరాక్స్ తీయించుకున్న ప్రతివాడికీ తెలుసు. అదీగాక నాన్నగారు పొద్దున పంపిన పేజీని మధ్యాహ్నం దిద్దుతారు. దిద్దినదాన్ని సాయంత్రం మళ్లీ దిద్దుతారు. ప్రతిసారీ పెన్‌డ్రైవ్ పట్టుకుని హాలు దాటడానికి నేను ఇంట్లో ఉండాలి కదా. నేను పనిచేసే బ్యాంకువాళ్లు దీనికి సెలవివ్వరు.

అందుకని నెట్‌వర్క్.

వైఫై పెట్టిచూడ్డం దండగ, ఆ డబ్బాకి యాంటెన్నాయే లేదు. కానీ వెనకాల లాన్ పోర్టు ఉంది, దుమ్ము తుడిస్తే కనపడింది. రౌటర్ హాల్లో ఉంది. ఇంటర్నెట్ కుర్రాణ్ణి పిలిస్తే గోడకి మేకులు కొట్టి, కిటికీ మూలలోంచి కేబుల్ లాగి, చివర తొక్క వలిచి, ఎనిమిది సన్నటి తీగలు విడదీసి పట్టుకుని పైకి చెప్పుకున్నాడు.

“వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్.”

నాన్నగారు కళ్లజోడు పైకి తోసి, “మళ్లీ అను” అన్నారు. వాడు మళ్లీ అన్నాడు. ఈయన వేళ్లు మడిచి గురులఘువులు లెక్కపెట్టి, “రెండోపాదంలో నడక చెడింది నాయనా. వైట్ గ్రీన్ తర్వాత గ్రీన్ రావాలి కదా, మధ్యలో ఈ బ్లూ ఏమిటి?” అన్నారు.

ప్రశ్న సబబైనదే. జవాబు కూడా ఉంది. టెలిఫోను రోజుల్లో మధ్య రెండు పిన్నులూ ఫోను లైనుకి వాడేవారు. వాటిని వాటికే వదిలేసి, ఆకుపచ్చ జంటని విడదీసి అటో తీగ ఇటో తీగ పెట్టారు. కుర్రాడికి ఇదంతా అక్కర్లేదు. “అంతే తాతగారూ, అట్టా పెడితేనే పన్జేస్తది” అన్నాడు. వ్యాకరణంలో దీన్ని నిపాతం అంటారనీ, కారణం అడగకూడదనీ నాన్నగారు ఒప్పుకున్నారు.

“ఎనిమిదీ పనిచేస్తాయా?”

“మీ కార్డు పాతది కదండీ, హండ్రెడ్ ఎంబీపీఎస్. నాలుగే పనిచేస్తాయి. మిగతా నాలుగూ ఊరికే ఉంటాయి.”

“మరి డబ్బులు ఎనిమిదింటికీ తీసుకుంటున్నావుగా!”

కుర్రాడు నావైపు చూశాడు. నేను పర్సు తీశాను.

ఆ కనెక్టర్ మీద ప్లాస్టిక్ నాలుక ఒకటుంటుంది. ప్రపంచంలో ఏ లాన్ కేబుల్‌కైనా ముందు విరిగేది అదే. వారం తిరక్కుండా విరిగింది. కుర్రాడు ఫోనెత్తడం మానేశాడు. క్రింపింగ్ టూల్ నేనే కొన్నాను. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

మా అక్క కొడుకు హైదరాబాదులో నెట్‌వర్క్ ఉద్యోగం చేస్తాడు. వీడియో కాల్‌లో వాడు చెబుతుంటే నాన్నగారి కంప్యూటర్‌కి 192.168.1.20 అని చిరునామా ఇచ్చాం. కింద ‘డిఫాల్ట్ గేట్‌వే’ అనే గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలెయ్యమన్నాడు. అక్కడేమీ రాయకపోతే ఆ మిషన్‌కి ఇంటి బయటికి దారి తెలీదు. ఇంట్లో ఉన్నవాళ్లతోనే మాట్లాడుతుంది, ఇంటర్నెట్టంటూ ఒకటుందని దానికి తెలియదు. ఎక్స్‌పీని బతికించుకోవాలనుకునేవాళ్లకి ఇంతకు మించిన చౌక మందు లేదు.

“తాతయ్యా, మీ సిస్టమ్ ఇంక గుమ్మం దాటదు” అన్నాడు మేనల్లుడు.

“నేనూ దాటడంలేదుగా” అన్నారు నాన్నగారు.

తర్వాత పింగ్. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ని ‘ఉన్నావా?’ అని అడిగే చిన్న ప్రోగ్రాం. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ అనే అమెరికన్ రాశాడు. జలాంతర్గాములు సోనార్‌తో చేసే శబ్దం ఆ పేరు. మేం అడిగితే మొదట జవాబు రాలేదు. ఎక్స్‌పీకి రెండో సర్వీస్ ప్యాక్‌తో వచ్చిన ఫైర్‌వాల్ పలకరింపులకి కూడా బదులివ్వదు. దాంట్లో ఫైల్ షేరింగ్‌కి మినహాయింపు ఇచ్చాక నాలుగు జవాబులూ గడగడా వచ్చాయి, ఒక్కోటీ మిల్లీసెకను కూడా పట్టకుండా. మేనల్లుడు చప్పట్లు కొట్టాడు. నేను ల్యాప్‌టాప్‌లో నాన్నగారి ఫోల్డర్ తెరవబోయాను. తెరుచుకోలేదు. పింగ్ పోతుంది, ఫోల్డర్ రాదు. వీధిలోంచి కేకేస్తే “ఆఁ” అని పలికి, తలుపు మాత్రం తియ్యని ఇంటివాళ్లుంటారే, అదీ వరస.

తలుపు తియ్యనిది పాతది కాదు, కొత్తది. విండోస్ మిషన్లు ఒకదాని ఫోల్డర్లు ఒకటి చూడ్డానికి వాడే పద్ధతి ఎస్ఎంబీ. 1980ల్లో ఐబీఎంలో పుట్టింది. ఎక్స్‌పీకి అందులో మొదటి వెర్షన్ ఒక్కటే వచ్చు. రెండోది విస్టాతో వచ్చింది. 2017 చివరి నుంచి కొత్త విండోస్‌లు మొదటి వెర్షన్‌ని పెట్టకుండానే వస్తున్నాయి. అదెంత ప్రమాదమో ఆ ఏడాది మే నెల చూపించింది. వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ సరిగ్గా ఆ ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లో ఉన్న కన్నంలోంచి దూరి, దేశదేశాల్లో కంప్యూటర్లకి తాళాలేసి, తాళంచెవికి 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కక్కమంది. ఇంగ్లండ్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని పాలబడ్డాయి.

“పోలీసులకే దొంగ పడ్డాడా!” నాన్నగారి ముఖం విప్పారింది. ఆయనకి ఒక చాటుపద్యం గుర్తొచ్చింది. అది పూర్తయ్యేదాకా మేనల్లుడు లైన్లోనే ఉన్నాడు, పాపం.

ఇంకో విశేషముంది. వన్నాక్రై దెబ్బ తిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 మిషన్లు. ఎక్స్‌పీ మీదికి ఎక్కబోతే అది చాలావరకు నీలితెర వేసి కుప్పకూలేది, పురుగు పక్క మిషన్‌కి పాకడానికి వీల్లేకుండా. ఈ సంగతి విన్నప్పటి నుంచి నాన్నగారు ఆ కంప్యూటర్‌ని ‘అభిమానధనుడు’ అంటున్నారు.

నా ల్యాప్‌టాప్‌లో ఒక టిక్కు పెడితే ఆ పాత పద్ధతి మళ్లీ వస్తుంది. మేనల్లుడు పెట్టనివ్వలేదు. “అందులోనే కదా మావయ్యా నీ బ్యాంకింగ్ అంతా. ఒక శతకం కోసం కన్నం తెరుస్తావా?”

“శతకం కాదు, చాటువులు” అన్నారు నాన్నగారు.

“ఏదైనా సరే తాతయ్యా. ఎఫ్‌టీపీ పెడదాం.”

ఎఫ్‌టీపీ! ఆ మాట విని నాకు నవ్వొచ్చింది. పెద్ద బ్రౌజర్లన్నీ 2021లో దాన్ని వదిలేశాయి. కానీ ఎక్స్‌పీకి వచ్చు. నా ల్యాప్‌టాప్‌లో చిన్న సర్వర్ ప్రోగ్రాం వేస్తే దానికీ వచ్చు. ఇరవై ఏళ్ల తేడా ఉన్న ఈ రెండూ ఎస్ఎంబీలో ఒకదాని ముఖం ఒకటి చూడవు. ఈ రెండూ పుట్టకముందెప్పటిదో ఒక ముసలి పద్ధతిలో మాత్రం చక్కగా మాట్లాడుకుంటాయి. దాని మొదటి నమూనా 1971 ఏప్రిల్‌లో రాసినది అభయ్ భూషణ్, కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచ్‌వాడు, అప్పటికి అమెరికాలో ఎంఐటీలో ఉన్నాడు. ఆ ఏడు నాన్నగారు భాషాప్రవీణ చదువుతున్నారు. “నా ఈడువాడన్నమాట” అని తృప్తిగా తలూపారు. అప్పటిదాకా అనుమానంగా చూస్తున్న పని మీద ఆయనకి ఒక్కసారిగా గౌరవం కలిగింది. ఈ పద్ధతిలో పాస్‌వర్డ్ ముసుగు లేకుండా తీగలో పోతుంది, బయట వాడితే ప్రమాదం. మా హాలు దాటడానికి ఫర్వాలేదు.

పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి అన్నాను. ఛందస్సు చదివినవాళ్లెవరైనా ఏం పెడతారో అదే పెట్టారు, యమాతారాజభానసలగం, ఇంగ్లీషు అక్షరాల్లో. తర్వాత మార్చాం లెండి. నా ల్యాప్‌టాప్‌లో అది సరిగ్గా ఎక్కింది. ఆయన కంప్యూటర్‌లో కొడితే తప్పంటుంది. మళ్లీ కొడితే మళ్లీ తప్పంటుంది. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కదా కనపడేవి, ఏం పడుతోందో తెలియదు. మేనల్లుడు సర్వర్ అంతా తిరగేశాడు. చివరికి ఆయన వేళ్ల వైపు చూస్తే తెలిసింది. అను కీబోర్డు ఆన్‌లోనే ఉంది. అక్షరాలు తెలుగు గళ్లకి పోయి, చుక్కల వెనకాల ఫ్రెంచి తిట్లుగా పడుతున్నాయి.

“చుక్కలు చూపించిందిరా” అన్నారు నాన్నగారు.

అను ఆపి కొట్టారు. ఫోల్డర్ తెరుచుకుంది. పేజీలు ఒకదాని వెనక ఒకటి హాలు దాటి వచ్చేశాయి, ఆ కేబుల్లో పనిచేసే నాలుగు తీగల్లోంచి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నాన్నగారి తెర మీద ఫైళ్లు చూసి, ఒకే ఒక్క మాట అడిగింది. “వీటి తేదీలేమిటండీ, అన్నీ 2002 జనవరి ఒకటే?” నిజమే. ఏది పొద్దున్నది, ఏది దిద్దినది, ఏది దిద్దినదాన్ని దిద్దినది అని తేదీ చూసి చెప్పే వీల్లేదు. ఇప్పుడు నాన్నగారు ఫైలు పేరులోనే తిథి రాస్తున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘బహుళ పంచమి సాయంత్రం’ అని ఉన్న పేజ్‌మేకర్ ఫైళ్లు ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండవని నా నమ్మకం.

ఫైలు నా దగ్గరకొచ్చినా నేను చదవలేను, అను లేదు కాబట్టి. ఏముందో తెలియకుండానే ప్రెస్సుకి మెయిల్ చేశాను. సాయంత్రం అక్కడి ఆపరేటర్ ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను, నాన్నగారు వినాలని.

“బ్రహ్మాండంగా వచ్చాయి సార్. ఒక్క వత్తు కూడా జరగలేదు.”

“మీ కొత్త కంప్యూటర్లలో అను బాగానే తెరుచుకుంటోందన్నమాట” అన్నాను.

“కొత్తవేంటి సార్? అను పని మొత్తం మా పాత ఎక్స్‌పీ సిస్టమ్‌లోనే. మెయిల్ వేరేదాంట్లో చూసుకుని, పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లి దాంట్లో వేసుకుంటాం. ఆ పెన్‌డ్రైవ్ వైరస్‌తో చచ్చిపోతన్నాం. అవునూ, మీ ఇంట్లో రెండూ ఎట్టా కలిపారు సార్?”

నేను జవాబు వెతుక్కునేలోపు నాన్నగారు ఫోన్ మీదికి వంగారు.

“ఆదివారం మావాణ్ణి పంపిస్తాను బాబూ. వాడి దగ్గర క్రింపింగ్ టూల్ కూడా ఉంది.”