డిక్కీలో రిఫ్లెక్టర్ గోడు

నేను రిఫ్లెక్టర్ని. గుండ్రటి స్టీలు కమ్మికి ఒకవైపు తెల్లగుడ్డ, రెండోవైపు వెండిపూత. మెలితిప్పితే ముడుచుకుని సంచిలో దూరతాను. నా పుట్టుక అంతే. ఏలూరు, తాడేపల్లిగూడెం పెళ్లిళ్లలో గ్రూపు ఫొటో చెడితే అందరూ కెమెరాని తిడతారు. నన్నడిగితే తప్పు చోటుది. వెనకాల ఏముందో కాదు, మొహాల మీద వెలుగు ఎటునుంచి పడుతుందో చూసి చోటు ఎంచుకోవాలి. ఏలూరు అక్షాంశం సుమారు 16.7 డిగ్రీలు, మే మొదటివారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తినే ఉంటాడు. వైశాఖమాసపు పెళ్లిళ్లూ ఆ రోజుల్లోనే. ఆ ఎండలో బాసికం నీడ పెళ్లికొడుకు కనుబొమల మీదికి జారుతుంది, కనుగుంటలు నల్లబడతాయి, పెద్దలంతా కళ్లు చికిలిస్తారు. పోనీ చెట్టుకిందంటే, కొబ్బరాకుల సందుల్లోంచి మొహాలనిండా ఎండ మచ్చలు. ఎర్ర షామియానా కిందైతే చామనఛాయ కూడా ఎర్రబారుతుంది. పొద్దు పడమటికి తిరిగాక డాబాకి తూర్పున పరుచుకునే నీడ, ఎదురుగా తెరిపి ఆకాశం: గ్రూపుకి అంతకన్నా మంచి చోటు లేదు.

ఫ్లాష్ ఉందిగా అంటారు. దూరం రెట్టింపైతే దాని వెలుగు నాలుగోవంతుకి పడిపోతుంది. దగ్గర్నుంచి కొడితే ముందువరస పిల్లలు సున్నం కొట్టినట్టుంటారు, వెనకవరస మేనమామలు చీకట్లో కలుస్తారు. ముహూర్తం మన చేతిలో లేదంటారు, నిజమే. గ్రూపు ఫొటోకి ముహూర్తం ఎవరూ పెట్టలేదుగా! వెనకాల కొల్లేరు సరస్సు కనబడాలంటారు. గట్టు మీద నీడ ఉండదు. నీటివైపు తిరిగితే తళుకుకి కళ్లు మూతపడతాయి, వీపు పెడితే మొహాలు నల్లబడతాయి. పొద్దు వాలాక వెలుగు మెత్తనే, కానీ మన వైపు మునిమాపు తొందరగా చీకటవుతుంది. ముందే అందరినీ వరసలో నిలబెట్టుకోవాలి. పైగా కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. అక్కడి ఆటపాక గూడబాతులు మన పెళ్లికి పిలిచిన చుట్టాలు కావు, వాటి దగ్గర డ్రోను ఎగరెయ్యడానికి.

అలాగని నా గొప్ప చెప్పుకోను. వధూవరుల మొహాల నీడ తీర్చగలను, ముప్ఫైమందికి చాలను. నా వెండి పొరలు లేచిపోయాయి, కమ్మి వంకరపోయింది. డిక్కీలో స్టాండ్ల కింద నలగడం, భోజనాల దగ్గర వంటపాత్రకి మూతవడం, ఉక్కపోతకి విసనకర్రవడం, ఇదీ ఇప్పటి నా కొలువు. నీడ చూసి నిలబెట్టినవాడు నన్ను సంచిలోంచి తియ్యకపోయినా నాకు కోపం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, కంప్యూటర్లో సరిచేద్దాంలే అనేవాడి మీదే నా కక్షంతా: మూసుకున్న అమ్మమ్మ కళ్లు కంప్యూటరు తెరిచినా, అవి ఆవిడ చూపులు కావు.