చెరిపిన చేతులకే దండం

బీబీసీ వారికి,

కొనదగిన టీవీ సీరియల్ డిస్కులు ఏవని ఎవరడిగినా నేను ముందు చెప్పే పేరు మీదే. ‘డాక్టర్ హూ: ది కలెక్షన్’ అని 2018 నుంచి మీరు తెస్తున్న బ్లూరే పెట్టెల్లో పాత టెలివిజన్ పట్ల కనిపించే శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు. పెట్టెకొక సీజన్. గీతలు పడ్డ ఫిల్మును ఫ్రేము తర్వాత ఫ్రేముగా శుభ్రం చేశారు. వీడియోను ఫిల్ముకెక్కించినప్పుడు పోయిన కదలికలోని నునుపును తిరిగి రప్పించారు. వయసు మీదపడ్డ నటీనటులను సోఫాలో కూర్చోబెట్టి, వాళ్లు ఎప్పుడో నటించిన సన్నివేశాలు చూపించి, వాళ్ల మాటలు రికార్డు చేశారు. డబ్బు పెట్టి కొనండని నలుగురికీ చెబుతున్నాను. ఈ పొగడ్తలో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను. కాకపోతే పూర్తిగా వినండి.

మీ పనివాళ్లు ఏ స్థితి నుంచి మొదలుపెట్టారో చెప్పకపోతే వాళ్ల గొప్పతనం ఎవరికీ అర్థం కాదు. ఈ సీరియల్ 1963 నవంబర్ 23న మొదలైంది. తొలి కథకు దర్శకుడు మా లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్, అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. నిర్మాత వెరిటీ లాంబర్ట్. 1969 దాకా ఆరు సీజన్లలో 253 ఎపిసోడ్లు ప్రసారమయ్యాయి. వాటి మూల వీడియో టేపులను మీరే చెరిపేశారు. రెండంగుళాల టేపు ఖరీదైనది, మళ్లీ వాడుకోవచ్చు. నటుల సంఘంతో ఉన్న ఒప్పందం వల్ల పునఃప్రసారాలకు పరిమితి ఉండేది. రంగుల టీవీ వచ్చాక నలుపు తెలుపు ఎవరు చూస్తారనుకున్నారు. ఈ కారణాలన్నీ నాకు తెలుసు, కొట్టిపారేయను. అయితే విదేశాలకు అమ్ముకోవడానికి తీసిన 16 ఎంఎం ఫిల్ము ప్రింట్లు ఉన్నాయి కదా. అమ్మకం హక్కుల గడువు తీరగానే వాటిలో చాలావాటినీ పారేశారు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో నిర్ణయించడానికి ఆర్కైవుకంటూ ఒక మనిషిని నియమించుకున్నది 1978లో. 2013లో నైజీరియాలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికిన తర్వాత కూడా తేలిన లోటు 97.

మేం తెలుగువాళ్లం కూడా పోగొట్టుకున్నవాళ్లమే. రఘుపతి ప్రకాశ్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ ఒక్క రీలైనా మాకు మిగల్లేదు. అది ఎలా పోయిందో, ఎవరి చేతిలో పోయిందో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. మీ పద్ధతి వేరు. ఫలానా టేపు చెరపవచ్చునని రాసిన ఉత్తర్వులు తారీఖులతో సహా మీ దస్త్రాల్లో ఉన్నాయి. ఆ కాగితాలను దాచినంత జాగ్రత్తగా టేపులను కూడా దాచి ఉంటే ఈ ఉత్తరం వేరేగా ఉండేది.

ఇక మీ పనితనం సంగతి. 1970 నుంచి జాన్ పెర్ట్‌వీ డాక్టర్‌గా ఉన్న కాలంలో రంగుల్లో తీసిన ఎపిసోడ్లలో కొన్నింటికి రంగు టేపు లేదు, నలుపు తెలుపు ఫిల్ము మాత్రమే ఉంది. ఆ ఫిల్ము తీసేటప్పుడు రంగు సంకేతాన్ని వడకట్టి ఆపాలి. కొన్నిసార్లు ఆపలేదు. దాంతో బొమ్మంతటా సన్నటి చుక్కలు పడ్డాయి. ఏళ్ల తరబడి అందరూ దోషమనుకున్న ఆ చుక్కల్లోనే పోయిన రంగు ఉందని మీ ఇంజినీరు ఒకరు పట్టుకున్నారు. ఆ చుక్కలను కంప్యూటర్‌తో చదివించి, ఏ చోట ఎరుపు, ఏ చోట ఆకుపచ్చ అని లెక్కగట్టి, మనుషుల ముఖాలకు మళ్లీ నెత్తురు రంగు తెచ్చారు. ‘ది మైండ్ ఆఫ్ ఈవిల్’ 2013లో అలాగే డీవీడీగా వచ్చింది. దాని మొదటి భాగంలో ఆ చుక్కలు కూడా సరిగా మిగల్లేదు. అక్కడ ఒక మనిషి కూర్చుని ఎంచుకున్న ఫ్రేములకు రంగులు వేశాడు. ‘ది డీమన్స్’ సంగతి ఇంకా ముందుది. ఎవరో అమెరికన్ ప్రేక్షకుడు ఇంట్లో రికార్డు చేసుకున్న టేపులోంచి రంగు తీసి, మీ నలుపు తెలుపు ఫిల్ము మీద కలిపారు. సంస్థ పారేసినదాన్ని ఒక ప్రేక్షకుడు దాచాడు, సంస్థ వెళ్లి అతని దగ్గర తెచ్చుకుంది. అలా వెళ్లి అడిగినందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను. చాలా సంస్థలు అడగడానికి కూడా రావు.

ధ్వని విషయంలోనూ అంతే. బొమ్మ పోయిన ఎపిసోడ్లన్నిటికీ శబ్దం మిగిలి ఉంది. అది మీ గదుల్లోంచి రాలేదు. అరవైల్లో బ్రిటన్ ఇళ్లలో పిల్లలు టీవీ దగ్గర టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న శబ్దమది. ఇవాళ మీ డిస్కుల్లో అది ఎంత శుభ్రంగా వినిపిస్తుందంటే, ఏ మాటా పోలేదు, ఏ అడుగు చప్పుడూ పోలేదు. ఆ పిల్లలు లేకపోతే ఇంత గొప్ప సౌండ్ ఇంజినీర్లకు చేయడానికి పనే ఉండేది కాదు.

‘ఫ్యూరీ ఫ్రమ్ ది డీప్’ కథ ఆరు భాగాల్లో ఒక్కటి కూడా పూర్తిగా లేదు. కానీ కొన్ని క్షణాల ముక్కలున్నాయి. ఇద్దరు మనుషులు ఒకావిడ ఇంటికి వచ్చి, ఆవిడ గదిలో నిలబడి నోళ్లు తెరుస్తారు. ఆ నోళ్లలోంచి విషవాయువు వస్తుంది. ఆవిడ ఊపిరాడక కూలిపోతుంది. పిల్లలు భయపడతారని ఆస్ట్రేలియా సెన్సార్ ఈ ముక్కను కత్తిరించి, ఫైలులో పెట్టి దాచింది. 1996లో అక్కడి జాతీయ ఆర్కైవులో అభిమానులకు దొరికింది. ఎవరూ చూడకూడదన్నవాళ్లు దాచిపెట్టారు, అందరికీ చూపించడానికి తీసినవాళ్లు పారేశారు. ఆ ముక్కలను 2004లో ‘లాస్ట్ ఇన్ టైమ్’ డీవీడీలో పెట్టారు, 2020లో మొత్తం కథకూ యానిమేషన్ చేయించి అమ్మారు. యానిమేషన్ చేసినవాళ్లు శ్రద్ధగా చేశారు. అయినా అందులో డాక్టర్‌గా నటించిన పాట్రిక్ ట్రౌటన్ ముఖాన్ని ఏ గీతా తిరిగి తేలేదు. ఆయన మాట్లాడేటప్పటికన్నా ఎదుటివాడి మాట వినేటప్పుడు గొప్ప నటుడు. మిగిలిన ఎపిసోడ్లు చూసినవాళ్లకు అది తెలుసు. ఆ వినడం శబ్దంలో రికార్డు కాదు.

అభిమానులను మీరు ఏనాడూ మరచిపోలేదన్నది కూడా నిజం. 1983లో తొలి వీడియో క్యాసెట్ తెచ్చారు, ‘రివెంజ్ ఆఫ్ ది సైబర్‌మెన్’. నాలుగు భాగాలను కలిపి కుట్టి ఒకటిగా చేసి, ధర దాదాపు 40 పౌండ్లు పెట్టారు. ఆ కథ తీయడానికి టీవీ లైసెన్స్ ఫీజు కట్టినవాళ్లే దాన్నీ కొన్నారు. తర్వాత డీవీడీ, తర్వాత మెరుగుపరిచిన డీవీడీ, ఇప్పుడు బ్లూరే. ‘పవర్ ఆఫ్ ది డాలెక్స్’ యానిమేషన్ 2016లో వచ్చింది, 2020లో ఇంకో కూర్పు వచ్చింది. ప్రతిసారీ ముందటిదానికన్నా బాగుందని నేను ఒప్పుకుంటాను. అందుకే ముందుది కొన్నవాళ్లు మళ్లీ కొనవలసి వస్తోంది. సీజన్లు వరసగా కూడా రావు. మొదట వచ్చింది పన్నెండోది. పరిమిత సంఖ్యలో వేసిన అందమైన పెట్టె అయిపోతే, ఆలస్యంగా తెలుసుకున్న కుర్రాడు పాత సరుకు అమ్మేవాడి దగ్గర ఎక్కువ ధరకు కొనుక్కోవాలి. మా ఊళ్లకైతే అది కూడా కష్టం. డీవీడీలకు బ్రిటన్‌ది రెండో నంబరు ప్రాంతం, ఇండియాది ఐదో నంబరు. లండన్ నుంచి మేనల్లుడు ప్రేమగా తెచ్చిన డిస్కు ఇక్కడి ప్లేయరులో ఆడకపోవచ్చు.

అయినా డిస్కులే కొనమంటాను. 2023 నవంబర్‌లో మీ స్ట్రీమింగ్ సేవ ఐప్లేయర్‌లో ఈ సీరియల్ ప్రపంచానికి చెందిన ఎనిమిది వందలకు పైగా ఎపిసోడ్లను ఒకేచోట పెట్టారు. అంత ఉదారంగా ఏ ప్రసార సంస్థా తన పాత సొత్తును తెరిచిపెట్టలేదనే నా నమ్మకం. వాటిలో తొలి కథ నాలుగు భాగాలూ లేవు. రచయిత వారసుడితో హక్కుల దగ్గర పేచీ వచ్చింది. వారిస్ హుస్సేన్ దర్శకత్వం చూడాలంటే 2006లో మీరే వేసిన ‘ది బిగినింగ్’ డీవీడీ ఎవరి బీరువాలోనో ఉండాలి. ఈసారి కూడా మీరు చూపించలేనిది ప్రేక్షకుడి దగ్గర ఉంది.

ఒక్క పెట్టే కొనగలం అన్నవాళ్లకు రెండో సీజన్ కొనమంటున్నాను. 1964–65 నాటిది, 2022లో వచ్చింది. అందులో ‘ది క్రూసేడ్’ అనే నాలుగు భాగాల కథ ఉంది. రిచర్డ్ రాజుగా జూలియన్ గ్లోవర్, అతని చెల్లెలుగా జీన్ మార్ష్. మొదటి భాగం ప్రింటు 1999లో న్యూజీలాండ్‌లో ఒక సేకర్త దగ్గర దొరికింది. మూడో భాగం ఉంది. రెండూ నాలుగూ లేవు, శబ్దం వింటూ స్టిల్ ఫొటోలు చూడాలి. అన్నాచెల్లెళ్లు ఒకరి మీదొకరు విరుచుకుపడే మూడో భాగం చూశాక, నాలుగో భాగం మొదలవగానే బొమ్మ ఆగిపోతుంది. తర్వాతి ముద్రణలో పెట్టె వెనక, ధర పక్కనే, ఆ రెండు భాగాలనూ పారేసింది మేమేనని ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో వేయండి. అది వేసిన పెట్టె కూడా నేను కొంటాను.