కాజాల అబ్బాయికి నేను చెప్పిన వార్తలు

ధర్మపురిలో నాది టైలరు కొట్టు. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం. రెండు భాషలొచ్చు కాబట్టి నాకు రెండు బుర్రలున్నాయని చాలాకాలం నమ్మాను. పొద్దున టీకొట్టులో దినత్తంది పేపరు, రాత్రి ఇంట్లో తెలుగు చానెళ్ళు. ఎవరేం అడిగినా నా తీర్పు ఒకటే: "జనం మంచోళ్ళేనయ్యా, ఈ టీవీవాళ్ళే తగవులు పెడుతున్నారు." కొలతలు తీస్తూ చెప్పేవాణ్ణి. మెడ చుట్టూ టేపు ఉన్న మనిషి ఎట్లా కాదంటాడు?

2012 నవంబరు 7, బుధవారం. దీపావళికి ఇంక ఆరు రోజులు. ఆ సాయంత్రం నాయక్కన్‌కొట్టాయ్ దగ్గర నత్తం కాలనీ, అణ్ణానగర్, కొండంపట్టి తగలబడ్డాయి. వన్నియర్ల అమ్మాయి, దళితుల అబ్బాయి అంతకుముందే పెళ్ళి చేసుకున్నారు. అమ్మాయి తండ్రి ప్రాణం తీసుకున్నాడు. గుంపు దళితుల కాలనీల మీద పడింది. 250కి పైగా ఇళ్ళు. బస్సెక్కితే చేరే చోటు. నేను టీవీలో చూశాను.

నా దగ్గర కాజాలు కుట్టే అబ్బాయిది నత్తమే. మూడు రోజులు రాలేదు. మొదట నాకొచ్చింది కోపం. పండగ చొక్కాలు గుండీల్లేకుండా కుప్పపడి ఉన్నాయి మరి.

ఆదివారం వచ్చాడు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, వాళ్ళ ఊళ్ళో ఏం జరిగిందో వాడికి చెప్పాను. గుంపు ఎప్పుడొచ్చింది, ఎటునుంచి వచ్చింది, ఎవరి తప్పెంత, అంతా. "రెండు వైపులా తప్పుంది తంబీ" అని తేల్చాను కూడా. వాడు ఓపిగ్గా విని, "మాది చివర్నుంచి మూడో ఇల్లు అణ్ణా. టీవీలో కనపడిందా?" అన్నాడు.

నేను నిజంగానే గుర్తుతెచ్చుకోబోయాను.

అక్కడైనా ఆగానా? "మా తెలుగువాళ్ళకి ఈ గొడవలు తెలీవు" అన్నాను. మా వీధి ఊడ్చే ఆవిడ నాతో తమిళం మాట్లాడుతుంది, పక్కనున్న కొడుకుని తెలుగులో కసురుతుంది. ఏళ్ళుగా వింటున్నాను. 2009లో ఆవిడ కులానికి, అంటే దళితుల్లోని అరుందతియార్లకి, 3 శాతం లోపలి కోటా ఇచ్చినప్పుడు పేపరు పట్టుకుని అరగంట వాదించాను. వాళ్ళలో చాలామంది ఇంటి భాష తెలుగేనన్న సంగతి ఆ వాదనలో ఒక్కసారీ రాలేదు. 'మా' అన్నప్పుడు ఆవిడ నా లెక్కలో లేదు. ఈ కత్తిరింపు ఏ చానెలూ నేర్పలేదు నాకు.

మరుసటేడు జులై 4న ఆ పెళ్ళికొడుకు శవం మా ఊళ్ళోనే, ఆర్ట్స్ కాలేజీ దగ్గర రైలు పట్టాల పక్కన దొరికింది. ఈసారి కాజాల అబ్బాయికి నేనేమీ చెప్పలేదు. ఏమీ అడగనూ లేదు. అప్పుడదే తెలివనుకున్నాను.

ఇంతకీ ఆ ఆదివారం, టీ గ్లాసు కడిగి బోర్లించి, సూదిలో దారం ఎక్కించుకుంటూ వాడు, "ముందు ఏవి కావాలణ్ణా?" అన్నాడు.

చూపించాను. తొమ్మిది చొక్కాలు.